బ్రేక్ ప్యాడ్లు ఇంకా ఎన్ని కిలోమీటర్లు వస్తాయో మీరే కొలిచి చూసుకోవడం ఎట్ల

"అన్నా, బ్రేక్ ప్యాడ్లు ఎన్ని వేలకు మార్చాల?" అని ఏ షెడ్డు దగ్గరైనా అడిగి చూడండి. ఒకాయన 20 వేలంటాడు, ఇంకొకాయన 40 అంటాడు, పక్కన టీ తాగుతుండే ట్యాక్సీ డ్రైవరేమో నాది 70 దాటింది ఇంకా బాగుండాది పో అంటాడు. తమాషా ఏందంటే ముగ్గురిలో ఒక్కరు కూడా అబద్ధం చెప్పడం లేదు.

మామూలుగా చిన్న కార్లకు ముందు చక్రాల ప్యాడ్లు 30 వేల నుంచి 70 వేల కిలోమీటర్ల మధ్యలో ఏదో ఒకచోట అయిపోతాయి. పొద్దస్తమానం టౌన్లోనే తిరిగే బండికి 25 వేలకే పోవచ్చు, కర్నూలు నుంచి హైదరాబాదుకు 44వ నెంబరు హైవే మీద పోయి వచ్చేదే పనిగా ఉండే బండికి 80 వేలు దాటినా ఆశ్చర్యం లేదు. ఇంత తేడా ఉన్నప్పుడు ఎవరో చెప్పిన నెంబరు పెట్టుకోని మనమేం చేసుకుంటాం? బండి ఎంత దూరం పోయింది అనేది ప్యాడ్‌కు తెలీదు, ఎన్నిసార్లు ఆపినారు, ఎంత స్పీడులో ఉండగా ఆపినారు, లోపల ఎంత బరువుంది, ఇదే దాని లెక్క. కాబట్టి మీటర్లో కిలోమీటర్లు చూసుకునే బదులు ప్యాడ్ మందం చూసుకోవాల, అదీ ఒక్కసారి చూసి ఊరుకోకుండా రెండుసార్లు చూసి మధ్యలో ఎంత అరిగిందో పట్టుకుంటే మీ కాలికి, మీ దారులకు సరిపోయే లెక్క వచ్చేస్తాది. ఎట్ల చేయాలో ఒక్కొక్కటే చెప్తా, కష్టమేం కాదు, జాకీ ఎత్తడం వస్తే చాలు.

ముందు దేన్ని చూడాలో తెలుసుకోండి

మన దగ్గర తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నిట్లో ముందు రెండు చక్రాలకు డిస్కులు, వెనక రెండిటికి డ్రమ్ములు ఉంటాయి. డిస్కుకు అటొకటి ఇటొకటి ప్యాడ్లు పట్టుకుంటాయి, డ్రమ్ములో ఉండేవి షూలు, మనోళ్లు లైనర్లు అంటారు. కొంచెం పెద్ద బండ్లలో నాలుగు చక్రాలకూ డిస్కులే వస్తాయి. బ్రేకు తొక్కినప్పుడు బండి బరువంతా ముందుకు ఒరుగుతాది కాబట్టి ఆపే పనిలో జాస్తి భాగం ముందు చక్రాలదే, అందుకే మొదట అరిగేది మామూలుగా ముందు ప్యాడ్లే. పలక మీద బలపం మాదిరి అన్నమాట, రాసేకొద్దీ అరగాల్సింది బలపమే, పలక కూడా ఎంతో కొంత గీతలు పడుతాది కానీ దాని వయసు వేరే.

ప్యాడ్‌లో రెండు భాగాలుంటాయి, వెనక ఇనుప ప్లేటు, దానికి అతికించిన రాపిడి మెటీరియల్. మనం కొలవాల్సింది ఆ మెటీరియల్ ఒక్కటే. కొత్తదానికి సుమారు 10 నుంచి 12 ఎంఎం ఉంటాది, కొన్ని చిన్న కార్లకు ఇంకా కొంచెం తక్కువే వస్తాది. 3 ఎంఎంకు వచ్చిందంటే మార్చే టైం అయినట్టు, 2కు దిగిందంటే ఇంక ఊర్లు తిరగడం ఆపేసి నేరుగా షెడ్డుకు పోవాల. ఇనుప ప్లేటును కూడా కలిపి కొలిచి ఇంకా 8 ఎంఎం ఉంది లేప్పా అని నిమ్మళంగా ఉండేవాళ్లున్నారు, ఆ 8లో 5 దాకా ఇనుమే ఉంటాది, జాగ్రత్త.

చక్రం ఊడదీయకుండా ఒక చూపు

అలాయ్ వీల్స్ ఉంటే పని సులువు. బండి చల్లగా ఉన్నప్పుడు, అంటే రాత్రంతా నిలబడి ఉండి పొద్దున్నే, స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పండి, ముందు చక్రం బయటికి తిరుగుతాది. ఫోన్ టార్చి వేసి చక్రం చీలికల్లోంచి చూస్తే మెరిసే డిస్కు, దాన్ని కావలించుకున్నట్టు ఉండే క్యాలిపర్ కనపడతాయి, ఆ క్యాలిపర్ లోపల డిస్కుకు ఆనుకోని ఉండేదే ప్యాడ్. కళ్లకు సరిగా ఆనకపోతే ఫోన్‌ను లోపలికి పెట్టి ఫొటో తీసి జూమ్ చేసి చూసుకోండి, వంగి నడుం పట్టించుకునే పనిలేదు. 3 ఎంఎం అంటే ఎంతో అంచనా దొరకదు అనుకునేవాళ్లు హార్డ్‌వేర్ షాపులో 3 ఎంఎం అలెన్ కీ ఒకటి కొనుక్కోండి, అది సరిగ్గా అంత మందమే ఉంటాది, ప్యాడ్ పక్కన పెట్టి చూస్తే ఎక్కువో తక్కువో ఇట్టే తెలిసిపోతాది.

బండి తోలి వచ్చిన వెంటనే మాత్రం వేలు పెట్టొద్దండి. మే నెల ఎండలో మన రోడ్ల మీద తిరిగొచ్చిన డిస్కు తగిలిందంటే చర్మం ఊడొస్తాది.

ఈ చూపులో ఒక లోపముంది. ఇట్ల చూస్తే కనపడేది బయటి ప్యాడ్ ఒక్కటే. మన కార్లలో ఉండే క్యాలిపర్లలో పిస్టన్ లోపలి వైపే ఉంటాది, అది ముందు లోపలి ప్యాడ్‌ను తోసి, తర్వాత క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగుతాది. ఆ పిన్నులు దుమ్ముకో తుప్పుకో బిర్రుగా పట్టేసినాయంటే క్యాలిపర్ జరగదు, లోపలి ప్యాడ్ ఒక్కటే మొత్తం భారం మోసి రేకు మాత్రం మిగిలేదాకా అరిగిపోతాది, బయటిది చూస్తే సగం బాగానే కనపడుతాది. బయట చూసి బాగుందనుకుని ఊరెళ్లి మధ్యదారిలో గరగరమని సౌండుతో ఆగిపోయిన బండ్లు చానా వరకు ఈ రకమే. కాబట్టి ఆరు నెలలకోసారైనా, లేదంటే టైర్లు మార్పిడి చేసేటప్పుడైనా చక్రం తీసి చూడాల్సిందే. టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కు ఎట్లాగూ చక్రాలు ఊడదీస్తారు, అప్పుడు పక్కన నిలబడి రెండు నిమిషాలు టార్చి వేసుకుంటే వేరే కష్టమే లేదు.

చక్రం తీసి కొలవడం

ఇంటి దగ్గర చేసుకునేవాళ్లు చదునుగా, గట్టిగా ఉండే చోటు చూసుకోండి. వాకిట్లో మట్టి నేలయితే జాకీ దిగబడుతాది, కింద చెక్క పలక పెట్టండి. నున్నటి బండలు పరిచిన ముంగిలయితే జాకీ జారే ప్రమాదముంది, ఆడ వద్దు. హ్యాండ్ బ్రేక్ వేసి, మొదటి గేర్లో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేసుకోవాల, గాల్లోకి ఎత్తినాక తిప్పబోతే చక్రం తిరుగుతాది, బండి ఊగుతాది. బాడీ కింద జాకీ పెట్టే గుర్తు దగ్గరే జాకీ పెట్టి ఎత్తి, చక్రం తీసి, ఆ తీసిన చక్రాన్నో స్టెప్నీనో బాడీ కింద పడుకోబెట్టండి, ఒకవేళ జాకీ జారినా బండి దాని మీద ఆగుతాది. ఎంత నమ్మకమున్నా సరే తల మాత్రం కింద పెట్టొద్దు.

ఇప్పుడు క్యాలిపర్ వీపు మీద కిటికీ మాదిరి సందు ఉంటాది, దాంట్లోంచి రెండు ప్యాడ్లూ కనపడతాయి. లోపలిది, బయటిది రెండూ కొలవండి, పై కొనకూ కింద కొనకూ తేడా ఉందేమో కూడా చూడండి. లోపలిదానికీ బయటిదానికీ 1 ఎంఎం లోపల తేడా ఉంటే పట్టించుకునే పనిలేదు, 2, 3 ఎంఎం ఉందంటే పిన్నులు గానీ పిస్టన్ గానీ పట్టేసిందని అర్థం, ప్యాడ్లు మార్చేసి ఊరుకుంటే కొత్తవి కూడా అట్లనే పోతాయి. ఇంకో పక్క చక్రం కూడా చూసి కుడికీ ఎడమకూ తేడా ఉందేమో పోల్చుకోండి.

చేయి పెట్టినారు కాబట్టి డిస్కు మీద కూడా వేలు ఒకసారి అడ్డంగా పోనీండి, చల్లారినాకే లెండి. సన్న గీతలు మామూలే. గోరు ఇరుక్కునేంత లోతు గాళ్లున్నా, అంచు దగ్గర గట్టు మాదిరి లేచి ఉన్నా, నీలం రంగు మచ్చలు పడినా మెకానిక్‌కు చూపించాల్సిందే. డిస్కు కనీస మందం ఎంత ఉండాలో చాలా వరకు డిస్కు మీదనే పోతపోసి ఉంటాది, దానికంటే పల్చబడితే లేత్ పట్టించడం కాదు, మార్చడమే.

చక్రం మళ్లీ ఎక్కించేటప్పుడు నట్లన్నీ చేత్తో పట్టించి, బండి దించినాక ఎదురెదురు నట్లను బిగించుకుంటూ పోండి. ఒక పది ఇరవై కిలోమీటర్లు తిరిగినాక ఇంకోసారి బిగింపు చూసుకుంటే మంచిది.

లెక్క కట్టడం

ఫోన్లో ఒక నోట్ పెట్టుకోండి, తేదీ, మీటర్ రీడింగ్, నాలుగు కొలతలు. తక్కువ కొలత ఏదైతే అదే మీ లెక్క, సగటు తీయొద్దు, బండి ఆగేది బాగున్న ప్యాడ్ వల్ల కావచ్చు కానీ చెడగొట్టేది పల్చటి ప్యాడే.

ఉదాహరణకు కొత్తప్పుడు 10 ఎంఎం ఉండి 24 వేల కిలోమీటర్లకు 6 ఎంఎం అయ్యిందనుకోండి. 4 ఎంఎంకు 24 వేలు, అంటే ఒక ఎంఎంకు 6 వేలు. 3 దగ్గర మార్చాలి కాబట్టి ఇంకా 3 ఎంఎం ఉంది, అంటే 18 వేలు. దాంట్లో ఒక 3 వేలు చేతిలో పెట్టుకోని 15 వేలకే ప్లాన్ చేసుకోండి, ఎందుకంటే ప్యాడ్ పల్చబడేకొద్దీ వేడిని తట్టుకునే మెటీరియల్ తగ్గిపోతాది, చివరి మిల్లీమీటర్లు మొదటివాటంత నిదానంగా పోవు. సెకండ్ హ్యాండ్ బండి కొని, ప్యాడ్లు ఎప్పుడు వేసినారో తెలీదా? అయితే ఇవాళ ఒకటి కొలవండి, ఇంకో 5 వేలకు మళ్లీ కొలవండి, లెక్క అదే. ఉద్యోగం మారి తిరిగే దారి మారినా, ఇంట్లో పిల్లోడు కొత్తగా బండి నేర్చుకుంటా ఉన్నా పాత లెక్క చెల్లదు, మళ్లీ మొదటినుంచి.

ఎందుకు అరుగుతాది అనేది, ముఖ్యంగా మన దిక్కు

అన్నిటికంటే పెద్దది స్పీడు. 50లో పోయే బండిని ఆపడానికీ 100లో పోయే బండిని ఆపడానికీ తేడా రెండింతలు కాదు, నాలుగింతలు, స్పీడు పెరిగేకొద్దీ శక్తి వర్గం లెక్కన పెరుగుతాది, ఆ శక్తంతా వేడిగా మారేది ప్యాడూ డిస్కూ మధ్యలోనే. హైవే మీద ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి అనేది నిజమే కానీ అది నిలకడగా పోయేవాళ్లకు. డోన్, గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరు దాకా 120లో పోయి ప్రతి లారీ వెనక గబుక్కున తొక్కి, మళ్లీ యాక్సిలరేటర్ నొక్కి, మళ్లీ తొక్కే మనిషికి హైవే అయినా ఒకటే టౌనైనా ఒకటే.

టౌన్లో సంగతి చెప్పే పనే లేదు. కర్నూల్లో రాజ్‌విహార్ సెంటరు, అనంతపురంలో సప్తగిరి సర్కిల్, కడపలో ఏడు రోడ్లు, సాయంత్రం పూట ఎక్కడ చూసినా రెండు గజాలు కదలడం, ఆపడం, మధ్యలో ఆటో దూరడం. ఊరి బయటికి పోతే మళ్లీ ప్రతి పల్లె ముందరా రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, గొర్రెల మంద, కోతల కాలంలో అయితే సగం రోడ్డు మీద ఆరబోసిన గింజలు. వీటిల్లో మనం మార్చగలిగింది ఒకటే, ముందుచూపు. దూరంగా మంద కనపడినప్పుడే కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేసి, గేరు దించితే సగం స్పీడు అట్లనే తగ్గుతాది, మిగిలిన సగానికే బ్రేకు. ఇది అలవాటైన డ్రైవరుకూ, లేని డ్రైవరుకూ ఒకే బండిలో ఒకే దారిలో ప్యాడ్లు సగానికి సగం తేడా వచ్చినా నేను నమ్ముతా.

ఇంక ఘాట్లు. మనకు కొదవ లేదు గదా, నంద్యాల నుంచి గిద్దలూరు పోయేటప్పుడు నల్లమల ఘాటు, కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే మలుపులు, మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ, అన్నిటికంటే కడపోళ్లకు బాగా తెలిసింది గువ్వలచెరువు ఘాటు. రాయచోటి వైపు నుంచి వస్తా ఉంటే గువ్వలచెరువులో పాలకోవా కోసం అందరం ఆపుతాం, కోవా తిని బండి ఎక్కినాక కడప వైపు దిగుడు మొదలవుతాది, కడుపూ నిండి బండీ నిండి ఉంటాది, అప్పుడే డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టి తీయకుండా దిగుతాడు. ఇది ప్యాడ్లను తినేయడమొక్కటే కాదు, ప్రాణం మీదికి వచ్చే పని. ప్యాడ్ ఆగకుండా డిస్కును రాసుకుంటా ఉంటే వేడి ఎక్కి ఎక్కి దాంట్లో మెటీరియల్‌ను అతికించి పట్టుకోని ఉండే రెజిన్ అనే బంక గ్యాసు వదులుతాది, పట్టు తగ్గిపోతాది, ఇంకా గట్టిగా తొక్కినా బండి ఆగాల్సినంత ఆగదు. ఇంకొంచెం ముదిరితే బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు వచ్చి పెడల్ మెత్తగా కిందికి పోతాది.

దిగే పద్ధతి ఇట్ల పెట్టుకోండి. ఎక్కడానికి ఏ గేరు అవసరమయ్యేదో దిగడానికి కూడా ఆ గేరే, రెండో, మూడో. దిగుడు మొదలవ్వకముందే గేరు దించుకోవాల, స్పీడు పెరిగినాక తడుముకోవద్దు. ఇంజనే బండిని పట్టి ఉంచుతాది. అప్పటికీ స్పీడు పెరిగితే గట్టిగా ఒకసారి తొక్కి బాగా తగ్గించి పూర్తిగా వదిలేయండి, మళ్లీ పెరిగినప్పుడు మళ్లీ ఒకసారి, మధ్యలో ప్యాడ్లకు గాలి తగిలి చల్లారుతాయి. కాలు మెత్తగా ఆనించి పెట్టుకోని దిగడమే అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఆటోమేటిక్ బండి ఉన్నవాళ్లు డీలోనే వదిలేయకుండా ఎల్‌లో గానీ మాన్యువల్ మోడ్‌లో గానీ పెట్టుకోండి, ఆ లివర్ మీద ఆ అక్షరాలు ఊరికే రాసి పెట్టలేదు.

పెట్రోలు మిగులుతాదని న్యూట్రల్ చేసి దిగేవాళ్లకు ఒక మాట. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే దిగుడులో ఇంజనుకు పెట్రోలు పోవడమే ఆగిపోతాది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తేనే ఐడ్లింగ్ కోసం పెట్రోలు తాగుతాది. అంటే మీకు పెట్రోలు మిగలదు, ప్యాడ్లు మాత్రం పోతాయి. ఇంక ఇంజన్ ఆపేసి దిగడం గురించి అయితే చెప్పాల్సిన పనే లేదు, పెడల్‌ను తేలిక చేసే బూస్టర్‌కు ఇంజన్ నుంచి వచ్చే వ్యాక్యూమ్ ఉండదు, రెండు మూడు తొక్కుళ్లకు పెడల్ రాయి మాదిరి అయిపోతాది, స్టీరింగ్ కూడా బరువెక్కుతాది.

దిగేటప్పుడు కాలిన వాసన వస్తే భద్రమైన చోటు చూసి పక్కకు ఆపి అర గంట చల్లారనీండి. చక్రాల మీద నీళ్లు గుమ్మరించొద్దు, ఎర్రగా కాగిన పోత ఇనుము మీద చల్ల నీళ్లు పడితే డిస్కు వంకరపోవచ్చు, చిట్లవచ్చు కూడా. హ్యాండ్ బ్రేకు లాగి పెట్టే బదులు గేర్లో ఉంచి చక్రాల కింద రాళ్లు పెట్టండి.

బరువు గురించి దండిగా రాయను, పెండ్లిండ్ల సీజన్లో ఐదుగురు ఎక్కాల్సిన బండిలో ఎనిమిది మంది ఎక్కి పైన క్యారియర్ మీద సామాన్లు కట్టుకోని పోతాం, అందరికీ తెలిసిందే. బరువు ఎంత పెరిగితే ఆపే కష్టం అంత పెరుగుతాది.

దుమ్ము మాత్రం మన దిక్కు ప్రత్యేకం. బేతంచర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల, తాడిపత్రి పక్క నాపరాళ్ల పాలిష్ మిషన్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉండే దార్లలో రోజూ తిరిగే బండ్లకు రాతి పొడి చక్రాల్లో పేరుకుపోతాది. అది ప్యాడూ డిస్కూ మధ్యలో పడి గీస్తాది, దానికంటే ముఖ్యంగా క్యాలిపర్ పిన్నుల రబ్బరు తొడుగులు చిట్లి ఉంటే లోపలికి దూరి గ్రీజును ముద్ద చేసి పట్టేయిస్తాది. ఆ దార్లలో తిరిగేవాళ్లు ప్యాడ్లు బాగున్నా సరే ఏడాదికోసారి పిన్నులు తీసి తుడిచి గ్రీజు పెట్టించుకోండి, ఖర్చు పెద్దగా కాదు, మిగిలేది ఎక్కువ.

బ్రేకు మీద ఊరికే కాలు ఆనించి తోలే అలవాటు, ఆటోమేటిక్‌లో ఎడమ కాలుతో బ్రేకు తొక్కే అలవాటు, ఈ రెండూ కూడా ప్యాడ్లను తినేవే. వెనక వచ్చేవాడికి మీ బ్రేక్ లైట్ ఎప్పుడూ వెలుగుతానే ఉంటే నిజంగా ఆపినప్పుడు వాడికి తెలీదు, అది ఇంకో తలనొప్పి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లకు మాత్రం యాక్సిలరేటర్ వదిలితే మోటరే బండిని ఆపుతా కరెంటు తిరిగి బ్యాటరీలోకి పంపుతాది, అందుకని వాటి ప్యాడ్లు చానా కాలం వస్తాయి.

కొలవకముందే బండి చెప్పే సంగతులు

బ్రేకు తొక్కినప్పుడు సన్నగా కీచుమనే సౌండు రోజూ వస్తాంది అంటే ప్యాడ్‌కు ఉండే చిన్న రేకు డిస్కును తాకుతా ఉండొచ్చు, అరిగిపోయినాయి మార్చప్పా అని చెప్పడానికే కంపెనీవాళ్లు దాన్ని పెడతారు. అన్ని ప్యాడ్లకూ ఆ రేకు ఉండదు, కాబట్టి సౌండు రాలేదు గదా అని ధైర్యంగా ఉండొద్దు. వాన పడిన మరునాడు పొద్దున, బండి కడిగినాక మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటే అది డిస్కు మీది పల్చటి తుప్పు, దానికి భయం లేదు. ఆగకుండా ఇనుమూ ఇనుమూ రాసుకున్నట్టు గరగరమంటే మాత్రం మెటీరియల్ అయిపోయి ప్లేటే డిస్కును కోస్తాంది, అప్పుడు ప్యాడ్లతో పాటు డిస్కుల బిల్లు కూడా మీదే.

ఇంకోటి బ్రేక్ ఆయిల్ డబ్బా. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ పోతాది, డబ్బాలో మట్టం నిదానంగా తగ్గుతాది. అది చూసి కొందరు వెంటనే పైదాకా నింపేస్తారు. ముందు ప్యాడ్లు చూడండి. నింపేసి ఉంటే కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్ వెనక్కు తోస్తే ఆయిల్ పొంగి బయటికి కారుతాది, బ్రేక్ ఆయిల్ పడిన చోట పెయింట్ లేచిపోతాది, వెంటనే నీళ్లతో కడగాల. ప్యాడ్లు బాగుండి కూడా మట్టం తగ్గుతా ఉంటే ఎక్కడో లీకు ఉంది, అది ప్యాడ్ల కంటే అర్జెంటు.

బండి ఒక పక్కకు లాగితే ఆ పక్కో ఎదురు పక్కో క్యాలిపర్ పట్టేసి ఉండొచ్చు, హైవేలో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణికితే డిస్కు మందంలో తేడా వచ్చి ఉండొచ్చు, పెడల్ మెత్తగా పోతా ఉంటే ఆయిల్లో గాలి. ఈ మూడిట్లో ఏదీ ఊరికే ప్యాడ్లు మారిస్తే పోయేది కాదు.

మార్చేటప్పుడు పక్కన నిలబడి చూడాల్సినవి

ప్యాడ్లు ఎప్పుడూ రెండు పక్కలా కలిపే మార్చాల, ఒక చక్రానికి మాత్రం వేస్తే బండి ఒక పక్కకు లాగుతాది. మెకానిక్‌ను "అన్నా, పాతవి ఒకసారి చూపించు" అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు, నాలుగూ పక్కపక్కన పెడితే ఏది ఎందుకు అరిగిందో కంటికే తెలుస్తాది. పిన్నులు తీసి శుభ్రం చేసి బ్రేకులకు వాడే గ్రీజే పెట్టమనండి, బేరింగుల గ్రీజు వేడికి కరిగి రబ్బరును ఉబ్బిస్తాది. క్యాలిపర్‌ను పైపు మీద వేలాడదీస్తే అడ్డం చెప్పండి, తీగతో కట్టుకోవాల. దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడం మన షెడ్లలో మామూలే, పాతకాలపు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఇప్పటివాటిలో చానా వరకు లేకపోయినా ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడి గుడ్డతో తుడవమని చెప్పి మీరు కూడా కొంచెం దూరంగా ఉండండి. కొత్త ప్యాడ్ మీద గ్రీజు గానీ ఆయిల్ గానీ అంటుకుంటే పెట్రోలుతో తుడిచి వేయడం కుదరదు, లోపలికి పీల్చుకుంటాది, పక్కన పడేయాల్సిందే.

ఏ రకం కొనాల అంటే, కంపెనీ బండితో ఇచ్చిన రకానికే పోండి. సెమీ మెటాలిక్ వేడిని బాగా తట్టుకుంటాది, కానీ సౌండు, డిస్కు అరుగుదల జాస్తి. సిరామిక్‌కు దుమ్ము తక్కువ, సౌండు తక్కువ, రేటు ఎక్కువ. రోజూ ఆఫీసుకు పోయి వచ్చేవాళ్లకు దాని మీద డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ. సగం రేటుకు వచ్చే పేరులేని ప్యాడ్లు మాత్రం వద్దు, కొన్ని పట్టుకోనే పట్టుకోవు, కొన్ని డిస్కునే తినేస్తాయి.

ప్యాడ్లు వేసినాక బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాల, పిస్టన్లు వెనక్కు తోసి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుడు నేరుగా కిందికి పోతాది, షెడ్డులోంచి రివర్స్ తీసేటప్పుడు వెనక ఉన్న బండిని గుద్దేది ఇక్కడే. తర్వాత పొద్దున్నే ఖాళీగా ఉండే బైపాస్ చూసుకోని 60 దాకా పోయి 10, 15కు వచ్చేదాకా మధ్యస్తంగా తొక్కడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ పోవడం, ఇట్ల 8, 10 సార్లు చేసి, తర్వాత కొంచెం దూరం బ్రేకు ముట్టుకోకుండా తోలి చల్లారనీండి. మొదటి 200, 300 కిలోమీటర్లు సడన్ బ్రేకులు, ఘాట్లు వద్దు. శ్రీశైలం పోయే ముందురోజు సాయంత్రం ప్యాడ్లు వేయించుకోని తెల్లారి బయల్దేరడం మనకు చానా అలవాటు, ఆ పని ఒక వారం ముందు చేసుకోండి.

బ్రేక్ ఆయిల్ కూడా లెక్కలో పెట్టుకోండి. అది గాల్లో తేమను పీల్చుకుంటాది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు అనేది ప్రమాణం, తేమ చేరినాక అది 155 డిగ్రీలకే దిగుతాది. డాట్ 3కి అయితే 205, 140. ప్యాడ్లు కొత్తవే అయినా ఆయిల్ నాలుగైదేళ్ల పాతదైతే గువ్వలచెరువు దిగేటప్పుడు చేతులెత్తేసేది ఆయిలే. రెండేళ్లకోసారి మార్పించండి, మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయించండి.

వెనక డ్రమ్ముల షూలకు ఇంత హడావిడి లేదు, ముందు ప్యాడ్లు రెండు సెట్లు మారేదాకా అవి వచ్చే బండ్లు చానా ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు లాగినప్పుడు ముందుకంటే ఎక్కువ పళ్లు, అంటే ఎక్కువ సార్లు టక్కుమని, పైకి లేస్తాందంటే ఒకసారి డ్రమ్ము విప్పించి చూపించుకోండి. ఎండాకాలం సెలవులకు నెల రోజులు బండి నిలబెట్టి పోయేవాళ్లు చదును నేల మీద గేర్లో పెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేసి పోండి, లేకపోతే షూలు డ్రమ్ముకు అతుక్కోని వచ్చినాక బండి కదలనని మొరాయిస్తాది.